అదృష్టం అనకండి, చూడలేదని ఒప్పుకోండి

2024 మార్చి 31న డెట్రాయిట్‌లో పర్డ్యూ, టెనసీ యూనివర్సిటీల జట్లు తలపడ్డాయి. గెలిచినవాళ్ళు అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఆఖరి నాలుగు జట్లలో ఒకటవుతారు. ఓడినవాళ్ళకు ఆ ఏటికి ఆట ముగిసినట్టే. పర్డ్యూ 72–66తో నెగ్గింది. పర్డ్యూ సెంటర్ జాక్ ఈడీ 40 పాయింట్లు కొట్టాడు. టెనసీ తరఫున డాల్టన్ కనెక్ట్ 37 కొట్టాడు. రెండు జట్లూ కలిసి చేసిన 138 పాయింట్లలో 77 ఈ ఇద్దరివే.

హైస్కూలు పూర్తయ్యేనాటికి వీళ్ళను పట్టించుకున్నవాళ్ళు ఎవరు? దేశమంతటి కుర్రాళ్ళకు ర్యాంకులిచ్చే జాబితాల్లో ఈడీ పేరు కోసం 400 దాటి వెతకాలి. కనెక్ట్‌కైతే పెద్ద కాలేజీలుండే డివిజన్ 1 నుంచి ఒక్కరూ స్కాలర్‌షిప్ ఇస్తామని రాలేదు. కొలరాడోలోని ఒక రెండేళ్ళ జూనియర్ కాలేజీలో చేరాడు. అలాంటి ఇద్దరు అంత పెద్ద మ్యాచ్‌ను తమ మధ్యే పంచుకుని ఆడితే, టీవీల్లో మళ్ళీ ఆ పాత పాటే వినిపించింది. అద్భుతమట. ఎవరూ ఊహించలేదట. ఇలాంటివాళ్ళు ఎక్కడినుంచో ఊడిపడతారట, వాళ్ళను ముందుగా పసిగట్టడం మానవమాత్రులకు సాధ్యం కాదట.

ప్రతి మార్చిలోనూ 68 జట్ల టోర్నమెంటు వస్తుంది, దానితోపాటు ఈ మాటా వస్తుంది. మాజీ కోచ్‌లు అంటారు, వ్యాఖ్యాతలు అంటారు, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆఫీసు పందెం కోసం బ్రాకెట్ నింపే మన తెలుగువాళ్ళూ అంటారు. ఈ మాట తప్పు. దానివల్ల ఆటగాళ్ళకు నష్టం కూడా జరుగుతోంది, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. హఠాత్తుగా వెలిగారని మనం చెప్పుకునేవాళ్ళలో చాలామంది అంతకు ఏడాది ముందే, రెండేళ్ళ ముందే స్కోరుపట్టికల్లో స్పష్టంగా కనిపించారు. చూడాల్సినవాళ్ళు చూడలేదు. ఆ లోపాన్ని కప్పిపుచ్చుకోవడానికి అదృష్టాన్ని అడ్డం పెట్టుకుంటున్నారు.

ఈ ఆటతో అంతగా పరిచయం లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డివిజన్ 1లో 350కి పైగా కాలేజీలున్నాయి. ఒక్కో జట్టులో పదమూడు, పద్నాలుగు మంది చొప్పున వేసుకున్నా నాలుగున్నర వేలమందికి పైనే తేలతారు. మ్యాచ్ 40 నిమిషాలు. సాధారణంగా ఒక్కో కుర్రాడికి నాలుగేళ్ళు ఆడే అర్హత ఉంటుంది. మొదటి ఏడాది చాలామంది బెంచీ మీదే కూర్చుంటారు. పత్రికలూ టీవీలూ చెప్పేది మ్యాచ్‌కు సగటున ఎన్ని పాయింట్లు అన్నది ఒక్కటే. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

ఈడీ సంగతే చూడండి. టొరంటో కుర్రాడు. చిన్నప్పుడు ఐస్ హాకీ, బేస్‌బాల్ ఆడాడు. పదిహేనో ఏడు దరిదాపుల్లో గాని బాస్కెట్‌బాల్‌ను పట్టించుకోలేదు. 7 అడుగుల 4 అంగుళాల మనిషి. పర్డ్యూలో మొదటి ఏడాది సగటున 14.7 నిమిషాలు ఆడి 8.7 పాయింట్లు చేశాడు. రెండో ఏడాది 19 నిమిషాల్లో 14.4. మూడో ఏడాది 31.7 నిమిషాల్లో 22.3. ఆ మూడో ఏడాదే, అంటే 2023లో, దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడయ్యాడు. 8.7 నుంచి 14కు, అక్కడినుంచి 22కు ఎగబాకాడని చదివితే ఎవరికైనా ఇదేదో మాయలాగే ఉంటుంది. కానీ కాగితం తీసుకుని ఒక్క భాగహారం చేయండి. మ్యాచ్ మొత్తం, అంటే 40 నిమిషాలూ, ఆడించి ఉంటే ఎన్ని చేసేవాడు? మొదటి ఏడాది లెక్కన 24కు కాస్త తక్కువ. రెండో ఏడాది లెక్కన 30. ఉత్తమ ఆటగాడైన ఏడాది లెక్కన 28.

అంటే బెంచీకీ కోర్టుకీ మధ్య తిరిగిన రెండో ఏడాదిలోనే, నిమిషానికి ఇన్ని అని చూస్తే, అతను తర్వాతి ఏడాదికన్నా కొంచెం ఎక్కువే చేస్తున్నాడు. మారింది నిమిషాలు. ఆ రెండో ఏడాది సెంటర్ స్థానాన్ని ట్రెవియన్ విలియమ్స్‌తో పంచుకోవాల్సి వచ్చింది. 2022లో విలియమ్స్ వెళ్ళిపోయాడు, జట్టులో పెద్ద స్కోరర్ జేడెన్ ఐవీ కూడా ఎన్‌బీఏకు పోయాడు. ఇక బంతి ఎవరి చేతికి వస్తుందో ఊహించడానికి దివ్యదృష్టి అక్కర్లేదు. అయినా ఆ సీజన్‌కు ముందు అసోసియేటెడ్ ప్రెస్ అడిగిన పాత్రికేయులు పర్డ్యూను మొదటి 25 జట్లలో కూడా చేర్చలేదు. డిసెంబరుకల్లా అదే జట్టు అదే పట్టికలో ఒకటో స్థానంలో కూర్చుంది.

ఒక సందేహం మాత్రం నిజంగా ఉండేది. అంత ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు 30 నిమిషాలు పరుగెత్తగలడా? అది అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెలియకపోవడం వేరు, మనిషి గురించే ఏమీ తెలియదనడం వేరు.

విస్కాన్సిన్ ఆటగాడు ఫ్రాంక్ కమిన్‌స్కీ కథ కూడా ఇంచుమించు ఇదే. రెండో ఏడాది మ్యాచ్‌కు పది నిమిషాలు ఆడి 4.2 పాయింట్లు. ఆ వేసవిలో అతనికి అడ్డంగా ఉన్న పొడుగాటి సీనియర్లు చదువు ముగించుకుని వెళ్ళారు. మూడో ఏడాది 27 నిమిషాలు, 13.9 పాయింట్లు. 2013 నవంబరులో నార్త్ డకోటా మీద ఒక్క మ్యాచ్‌లో 43 కొట్టి అప్పటికి ఆ కాలేజీ రికార్డును తిరగరాశాడు. 2015లో దేశపు ఉత్తమ ఆటగాడు. ఆ ఏడు అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడని కెంటకీని ఓడించిన జట్టు అతనిదే. జిమ్మీ బట్లర్ జూనియర్ కాలేజీ నుంచి మార్కెట్ యూనివర్సిటీకి వచ్చిన తొలి ఏడాది 5.6 పాయింట్లతో సరిపెట్టుకున్నాడు. 2009లో ముగ్గురు సీనియర్ గార్డులు ఒకేసారి వెళ్ళిపోయాక 14.7 చేశాడు. జట్టులో ఖాళీ ఏర్పడింది, ఆ ఖాళీలో నిలబడగలవాడు బెంచీ మీద సిద్ధంగా ఉన్నాడు. ఏ జట్టులో ఎవరు చదువు ముగిస్తున్నారో, వాళ్ళతోపాటు ఎన్ని నిమిషాలూ ఎన్ని షాట్లూ ఖాళీ అవుతున్నాయో ఏప్రిల్‌లోనే తెలిసిపోతుంది. అది రహస్య సమాచారం కాదు, చూసి కూడిక వేసుకునే ఓపిక ఉంటే చాలు.

నిమిషాలూ ఖాళీలూ కాకుండా మరో ఆనవాలు ఉంది. ఓక్లహోమా తరఫున ఆడిన బహమాస్ కుర్రాడు బడీ హీల్డ్ మొదటి ఏడాది మూడు పాయింట్ల షాట్లు నాలుగేస్తే ఒక్కటి కూడా సరిగా పడలేదు. షూటర్‌గా పనికిరాడని రాసేయడానికి ఆ అంకె చాలు. కానీ అదే ఏడాది ఫ్రీ త్రోలు నూటికి ఎనభైకి పైగా వేశాడు. ఫ్రీ త్రో గీత దగ్గర అడ్డొచ్చేవాడు ఉండడు, తొందర ఉండదు, దూరం మారదు. చేతివాటం ఎలా ఉందో కల్తీ లేకుండా తెలిసే చోటు అదొక్కటే. ఆ చెయ్యి బాగుంటే కాళ్ళ బలం, షాట్ ఎంపిక, పట్టుదలతో చేసే సాధన దూరపు షాట్లను కూడా దారికి తెస్తాయి. నాలుగో ఏడాది హీల్డ్ మూడు పాయింట్ల షాట్లు నూటికి 45కి పైగా వేసి, మ్యాచ్‌కు 25 పాయింట్లతో 2016లో దేశపు ఉత్తమ ఆటగాడయ్యాడు. మధ్యలో అతను జిమ్‌లో గడిపిన వేల గంటలకు విలువ లేదా? అదృష్టం అన్నవాళ్ళు వాటిని ఒక్క మాటతో తుడిచేస్తున్నారు.

ఇక స్టీఫెన్ కరీ. ఈ అద్భుతవాదులందరికీ ఇష్టదైవం అతనే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడాలి. కథ అందరికీ తెలిసిందే. బక్కపలచని కుర్రాడు. తండ్రి డెల్ కరీ ఎన్‌బీఏ ఆటగాడు. తండ్రి ఆడిన వర్జీనియా టెక్ కూడా కొడుక్కి స్కాలర్‌షిప్ ఇవ్వలేదు, కావాలంటే సొంత ఖర్చుతో వచ్చి జట్టులో చేరమంది. నార్త్ కెరొలైనాలోని డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీకి వెళ్ళాడు. 2008 మార్చిలో పదో సీడ్ డేవిడ్‌సన్ వరసగా గొన్‌జాగాను, జార్జ్‌టౌన్‌ను, విస్కాన్సిన్‌ను మట్టికరిపించింది. కరీ గొన్‌జాగా మీద 40, జార్జ్‌టౌన్ మీద 30, విస్కాన్సిన్ మీద 33 కొట్టాడు. గొన్‌జాగా మీద 30, జార్జ్‌టౌన్ మీద 25 రెండో సగంలోనే వచ్చాయి, అదీ జట్టు వెనకబడి ఉన్నప్పుడు. చివరికి కాన్సస్ చేతిలో 59–57తో, రెండంటే రెండు పాయింట్ల తేడాతో ఓడారు. ఆ ఏడు ఛాంపియన్ కాన్ససే. దేశం నోరెళ్ళబెట్టింది, ఎక్కడివాడీ కుర్రాడు అని.

ఎక్కడివాడా? అంతకు ముందు ఏడాది సగటున 21.5 పాయింట్లు చేసినవాడు. మొదటి ఏడాది విద్యార్థుల్లో దేశం మొత్తం మీద అతనికన్నా ఎక్కువ చేసింది ఒక్క కెవిన్ డ్యురాంట్. 2007 మార్చిలో ఇదే టోర్నమెంటులో మేరీలాండ్ మీద దేశమంతా చూసే టీవీలో 30 పాయింట్లు కొట్టినవాడు. ఆ మ్యాచ్ డేవిడ్‌సన్ ఓడిపోయింది కనుక మర్నాటికి అందరూ మరిచిపోయారు. డ్యురాంట్ పేరు మాత్రం ఆ ఏడాదంతా దేశంలో మోగిపోయింది. ఏడాది తిరిగాక కరీ అదే పని మళ్ళీ చేస్తే, ఈసారి జట్టు గెలిచింది కనుక, అద్భుతమన్నారు.

నన్నడిగితే కరీ కథలో నిజంగా తెలుసుకోవాల్సిన ఘట్టం 2008లో లేదు. 2006 నవంబరులో, కాలేజీలో అతని మొట్టమొదటి మ్యాచ్‌లో ఉంది. ఈస్టర్న్ మిషిగన్ మీద ఆ రోజు బంతిని 13 సార్లు ప్రత్యర్థులకు అప్పజెప్పాడు. పదమూడు! అలా ఆడిన కొత్త కుర్రాణ్ణి మళ్ళీ బెంచీ దాటనివ్వని కోచ్‌లే ఎక్కువ. డేవిడ్‌సన్ కోచ్ బాబ్ మెకిలప్ ఆ అంకెను చూశాడు, ఆ మ్యాచ్‌లోనే కుర్రాడు చేసిన 15 పాయింట్లను కూడా చూశాడు. పోగొడుతున్నా సరే భయపడకుండా మళ్ళీ మళ్ళీ బంతి అడుగుతున్నాడని చూశాడు. తర్వాతి మ్యాచ్‌లో మిషిగన్ మీద మళ్ళీ అతన్నే దింపాడు. కరీ 32 కొట్టాడు. మెకిలప్ జ్యోతిష్యం చెప్పలేదు. ఎదుట ఉన్నదాన్ని పూర్తిగా చూశాడు. నేను అడుగుతున్నదల్లా ఆ చూపే.

జా మొరాంట్ కథను ఎదుటి పక్షంవాళ్ళు తమ వాదానికి బ్రహ్మాస్త్రంగా వాడతారు. 2016 వేసవిలో సౌత్ కెరొలైనాలో ఒక శిబిరం. మరీ స్టేట్ యూనివర్సిటీ అసిస్టెంట్ కోచ్ జేమ్స్ కేన్ అక్కడికి ఇంకో ఆటగాణ్ణి చూడటానికి వెళ్ళాడు. తినడానికి ఏదైనా కొనుక్కుందామని బయటికొస్తే పక్కనున్న చిన్న జిమ్‌లోంచి బంతి చప్పుడు వినిపించింది. తొంగి చూస్తే ముగ్గురికి ముగ్గురు చొప్పున ఆడుతున్నారు. అందులో మొరాంట్ ఉన్నాడు. కేన్‌కు ఆ క్షణంలో ఆకలి వేయకపోయి ఉంటే ఏమయ్యేది, ఇది అదృష్టం కాక మరేమిటి అని నిలదీస్తారు.

అదృష్టమే. కాదనను. కానీ ఆ అదృష్టం ఎవరిది, దేనికి సంబంధించింది? మొరాంట్ ఆటలో అదృష్టం లేదు. ఆ ఆట అంతకు ముందు రోజూ ఉంది, ఆ ముందు ఏడూ ఉంది. అదృష్టమంతా అతను ఒకరి కంటపడటంలోనే ఉంది. ఇంకో సంగతి చెబుతాను. వేసవి టోర్నమెంట్లలో కొంతకాలం మొరాంట్ ఆడిన జట్టులోనే జయన్ విలియమ్సన్ కూడా ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే రాష్ట్రం. జయన్‌ను చూడటానికి కాలేజీల వాళ్ళు బారులు తీరారు. అదే కోర్టులో అతనికి పాస్‌లిస్తున్న కుర్రాడు ఏ జాబితాకూ ఎక్కలేదు. 2019 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మొదటి పేరు జయన్ విలియమ్సన్. రెండో పేరు జా మొరాంట్. పక్కపక్కనే నిలబడి ఆడిన ఇద్దరిలో ఒకడే కనబడటాన్ని ఏమనాలి?

కాలేజీకి వచ్చాక కూడా అంతే. మొదటి ఏడాదే మొరాంట్ మ్యాచ్‌కు ఆరుకు పైగా అసిస్టులు ఇచ్చాడు. జట్టులో పెద్ద స్కోరర్ జొనాథన్ స్టార్క్ 2018లో వెళ్ళిపోయాడు. ఇంకేం కావాలి ఆనవాలు? రెండో ఏడాది 24.5 పాయింట్లు, 10 అసిస్టులు. అసిస్టుల లెక్క రాయడం మొదలైనప్పటినుంచి డివిజన్ 1లో ఒక సీజన్‌లో 20 పాయింట్లు, 10 అసిస్టుల సగటు సాధించినవాడు అంతకు ముందు లేడు.

హైస్కూలు ర్యాంకులు పూర్తిగా బూటకం అనడం నా ఉద్దేశం కాదు. జాబితా శిఖరాన ఉన్న కొద్దిమంది విషయంలో అవి చాలావరకు నిజమవుతాయి. 2012లో కెంటకీకి కప్పు తెచ్చిన ఆంటొనీ డేవిస్, 2025లో మొదటి ఏడాదే దేశపు ఉత్తమ ఆటగాడైన డ్యూక్ కుర్రాడు కూపర్ ఫ్లాగ్ అలా శిఖరానే ఉన్నవాళ్ళు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న సామెత అంతవరకు చెల్లుతుంది. కిందికి దిగేకొద్దీ ఆ అంకెల్లో పస తగ్గిపోతుంది. ఎనభయ్యో ర్యాంకుకూ మూడొందలో ర్యాంకుకూ మధ్య తేడా ఆటలో ఉన్నదానికన్నా, ఏ షూ కంపెనీ నడిపే వేసవి టోర్నమెంటులో ఎవరి కళ్ళముందు ఆడాడన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుందని నా నమ్మకం. పదహారేళ్ళ శరీరాన్ని చూసి ఇచ్చిన అంకె అది. ఓబీ టాపిన్ హైస్కూలు వదిలాక ఇంకా పొడుగు పెరిగాడు. అప్పటికి ఒక్క డివిజన్ 1 కాలేజీ కూడా పిలవని ఆ కుర్రాడే 2020లో డేటన్ తరఫున దేశపు ఉత్తమ ఆటగాడయ్యాడు. ఎముకలు ఎదగడం ఆగకముందే ఇచ్చిన ర్యాంకును మూడేళ్ళ తర్వాత కూడా పట్టుకు వేలాడేవాళ్ళకు ప్రతి మార్చీ అద్భుతంగానే ఉంటుంది.

నా వాదం మీద వచ్చే అసలైన అభ్యంతరం ఇంకొకటుంది, దాన్ని తప్పించుకోను. నెగ్గినవాళ్ళనే ఏరి చూపిస్తున్నావు, ఇవే ఆనవాళ్ళుండి కూడా ఎదగనివాళ్ళ మాటేమిటి అంటారు. ఉన్నారు, చాలామందే ఉన్నారు. గెలుపు ఖాయమయ్యాక అలసిన ప్రత్యర్థుల మీద పది నిమిషాలు ఆడి పాయింట్లు దండుకున్నవాడికి ముప్పై నిమిషాలిస్తే తేలిపోవచ్చు. ఫౌళ్ళు ఆపుకోలేనివాడు ఉంటాడు. మోకాలు దెబ్బతిన్నవాడు ఉంటాడు. కోచ్ మారి మూలనపడ్డవాడు ఉంటాడు. అందుకే ఫలానావాడు తప్పక వెలుగుతాడని ఒట్టేసి చెప్పేవాణ్ణి నేనూ నమ్మను. కాలేజీ జట్లకు లెక్కలు కట్టడంలో పేరుపొందిన కెన్ పామరాయ్ అసలు వాతావరణ శాస్త్రవేత్త. వాన పడే అవకాశం నూటికి డెబ్భై అని చెప్పిన రోజు చినుకు రాలకపోతే వాతావరణ శాస్త్రమంతా దండగ అనం కదా. నాలుగున్నర వేలమందిలోంచి ఒక నలభై పేర్లు ఏరి, వాళ్ళలో పదిమంది నిలబడితే అది గొప్ప పనే. బాస్కెట్‌బాల్‌ను నిమిషాల లెక్కన, బంతి చేతికి వచ్చిన సార్ల లెక్కన తూచాలని డీన్ ఆలివర్ పుస్తకం రాసింది 2004లో. ఆ పద్ధతి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. సాధనం లేక చూడలేదన్న సాకు ఇక చెల్లదు.

ఒక్క రాత్రి మెరుపుకూ ఎదుగుదలకూ తేడా తెలుసుకోవడం కూడా ఇందులో భాగమే. 2022లో పదిహేనో సీడ్ సెయింట్ పీటర్స్ తరఫున బెంచీ మీదినుంచి వచ్చి కెంటకీ మీద 20 పాయింట్లు కొట్టిన డగ్ ఎడర్ట్ రాత్రికి రాత్రే దేశానికి ముద్దుబిడ్డయ్యాడు. సీజన్ మొత్తం మీద అతని సగటు పది దాటలేదు. ఆ రాత్రిని ముందే చెప్పగలిగేవాళ్ళు లేరు, అక్కడ ఎదుటివాళ్ళ మాట ఒప్పుకుంటాను. అతని ఆనందంలో పాలుపంచుకోవడమే మన వంతు. మరి 2024లో అదే కెంటకీ మీద ఓక్లండ్ యూనివర్సిటీ ఆటగాడు జాక్ గోల్కీ పది త్రీలు వేసి 32 కొడితే? గోల్కీ ఆ సీజన్‌లో వేసిన షాట్లు దాదాపు అన్నీ గీత వెలుపలినుంచి వేసినవే. రెండు పాయింట్ల షాట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేయవచ్చు. అతను ఏం చేయబోతున్నాడో కెంటకీకి ముందే తెలిసి ఉండాలి. ఆ రెండు రాత్రుల్నీ ఒకే గాటన కట్టడం ఆట తెలిసినవాళ్ళు చేయాల్సిన పని కాదు.

కనెక్ట్ సంగతి మిగిలిపోయింది. టెనసీకి రాకముందు నార్తర్న్ కొలరాడోలో అతను మ్యాచ్‌కు 20కి పైగా పాయింట్లు చేశాడు. ఆ కాలేజీ ఆడేది బిగ్ స్కై అనే చిన్న కూటమిలో. చిన్న కూటమి పాయింట్లకు విలువేముందని కొట్టిపారేశారు. డేమియన్ లిలార్డ్ వెబర్ స్టేట్ తరఫున ఆడింది కూడా ఆ బిగ్ స్కైలోనే అన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కనెక్ట్ టెనసీలో 21.7 చేసి, పెద్ద కూటమి అయిన ఎస్ఈసీలో ఆ ఏటి ఉత్తమ ఆటగాడయ్యాడు.

అద్భుతం అంటే ఏం పోయింది, అభిమానులకు అదొక సరదా కదా అంటారేమో. 2021కి ముందు ఆ మాటకు కొంత చోటుండేది. ఆ ఏడాది, కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ, కాలేజీ మారినా ఏడాదిపాటు ఆట మానుకోనక్కర్లేదని నియమం సడలించింది. పేరు మీదా బొమ్మ మీదా సంపాదించుకునే హక్కు కూడా ఆ ఏడే ఇచ్చింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఇప్పుడు కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బు చెల్లిస్తున్నాయి. తొలి ఏడాది అన్ని ఆటలకూ కలిపి ఒక్కో కాలేజీకి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆ డబ్బులో ఎవరి వాటా ఎంతన్నది ప్రతి వసంతంలో, సీజన్ ముగిసిన కొద్ది వారాల్లో, తేలిపోతోంది. పేరున్నవాడికి ఎక్కువ, లేనివాడికి తక్కువ. పది నిమిషాల్లో ఇరవై నిమిషాల పని చేసి బెంచీ మీద కూర్చున్న రెండో ఏడాది కుర్రాడికి తన విలువ అడిగే ధైర్యం ఎవరిస్తారు? అతని అంకెల్ని ఎవరూ చదవకపోతే, ఊహించనివాడు అన్న ముద్రే అతని ధరను నిర్ణయిస్తుంది. కాలేజీలో మిగిలినవి రెండేళ్ళో ఒక ఏడో. ఎన్‌బీఏకు వెళ్ళలేని చాలామందికి ఈ ఆట మీద పెద్ద సంపాదన ఉండేది ఆ కొద్ది కాలమే. వచ్చే అక్టోబరులో సీజన్ ముందటి అంచనాలు రాయబోయే పాత్రికేయులు ప్రతి పేరు పక్కనా అతను నిరుడు ఆడిన నిమిషాలు కూడా అచ్చువేయాలి. జాగా లేదంటే ఆ పక్కనున్న హైస్కూలు ర్యాంకును తీసేయాలి.